కాలం లేని మాట

కత్తమ్మ రోజూ అందరికంటే ముందు షెడ్డుకు వచ్చేది. గేటు దగ్గర కాపలా తాత కుర్చీలోనే కునుకు తీస్తూ ఉండేవాడు. ఆయన కాళ్ల మీంచి జారిన దుప్పటిని మోకాళ్ల దాకా లాగి, చప్పుడు చెయ్యకుండా లోపలికి పోయేది. దీపం వేసి, రబ్బరు బూట్లు తొడుక్కుని, బల్ల కింది సానరాయి తీసి కత్తి నూరేది. తన కత్తి అయ్యాక అటు పక్కామెదీ, ఇటు పక్కామెదీ కూడా నూరి పెట్టేది. పదును లేని కత్తి చేపను వదిలేసి వేలిని వెతుక్కుంటుందని ఆమె అనుభవం. ఆఖరున తన కత్తిని కళ్లకద్దుకుని, అప్పుడే నిద్రలేచిన పసిదానితో మాట్లాడినట్టు ఒక మాట చెప్పేది.

"ఇవాళ కూడా చేపనే కొయ్యి, తల్లీ."

ఆమె పూజ అంతే. దేవుడికి అదే ముట్టేదని నమ్మేది.

కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది హాజరు పిలిచేటప్పుడే బయటికొచ్చేది. మిగతా వేళల్లో షెడ్డంతటికీ కత్తమ్మే. పేరు విని గయ్యాళి అనుకున్నవాళ్లు మనిషిని చూసి నాలిక కరుచుకునేవాళ్లు. చేప కడుపు చీల్చేముందు కూడా "ఏమనుకోకు" అనే మనిషి ఆమె.

అది రేవు పక్కన చేపలు శుభ్రం చేసి డబ్బాలకెత్తే షెడ్డు. ఒక వరస కడిగేవాళ్లు, ఒక వరస కోసేవాళ్లు, ఒక వరస సర్దేవాళ్లు. కాళ్ల కింద మంచునీళ్లు, చేతుల కింద నెత్తురు. తలలు ఒక తొట్టిలో, పేగులు ఇంకో తొట్టిలో. మధ్యాహ్నానికి నేల మధ్య కాలువ ఎర్రగా పారేది. సరుకు కొనేవాళ్లు అప్పుడప్పుడు తెల్ల టోపీలు పెట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్లు. ఒక్కో బల్ల దగ్గర ఆగి, నవ్వుతూ, "వాట్ డూ యూ డూ?" అని అడిగేవాళ్లు. నువ్వేం పని చేస్తావని. జవాబులు షెడ్డు గుమస్తా ముందే నేర్పిపెట్టాడు. కడిగేవాళ్లు "ఐ వాష్" అనాలి, సర్దేవాళ్లు "ఐ ప్యాక్" అనాలి, కోసేవాళ్లు "ఐ కట్" అనాలి. కడిగే వరసలో ఒక ముసలామె "వాష్"కు నోరు తిరగక "ఐ కట్" అనేసింది. ఈ వణికే చేతికి కత్తి ఎవరిచ్చారని వచ్చినవాళ్లు కంగారుపడ్డారు. షెడ్డు చాలాకాలం నవ్వుకుంది. కత్తమ్మకు మాత్రం ఆ రెండు ముక్కలూ బాగా పట్టుబడ్డాయి. ఆమె దగ్గరున్న ఇంగ్లీషంతా కలిపితే అవే. చివరికి కొంప ముంచినవీ అవే.

మేస్త్రీ చేతిలో ఎప్పుడూ మూరెడు రబ్బరు గొట్టం ఉండేది. నేల కడగడానికని పేరు. తడి వీపు మీద తడి గొట్టం పడితే చప్పుడు పెద్దగా రాదు. చర్మం మాత్రం ముందు ఉబ్బి, తరవాత నల్లబడుతుంది. చేపలో ముల్లు మిగిల్చిందని ఒకామె తలను బల్లకేసి బాదాడు. పన్ను ఊడి చేపల్లో పడితే, సరుకు పాడు చేశావని మళ్లీ బాదాడు. సర్దే వరసలో ఒకామె చెవి మీద కొట్టిన దెబ్బకు ఆ చెవి మళ్లీ పని చెయ్యలేదు. ఆమెను ఎవరైనా పిలిస్తే రెండో వైపు తిరిగేది. బయటివాళ్లు అడిగితే షెడ్డు ఆడవాళ్లు ఈ సంగతి వాతావరణం చెప్పినట్టు చెప్పేవాళ్లు. వాన పడుతుంది, చలేస్తుంది, మేస్త్రీ కొడతాడు. దెబ్బలు తిన్నామె వీపుకు మిగతావాళ్లు గుడ్డలో మంచుముక్క చుట్టి అదిమి పట్టేవాళ్లు. అది చేపల కోసం కొన్న మంచు. ఆ దొంగతనాన్ని దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుని ఉంటాడు.

కత్తమ్మ పక్క బల్ల ఆమె తోడికోడలిది. ఇద్దరి మొగుళ్లూ అన్నదమ్ములు, పడవ మనుషులు. అన్న కత్తమ్మ మొగుడు, అతను ఎక్కిన పడవ ఒక గాలివానలో పోయి మళ్లీ రాలేదు. తమ్ముడు నెలల తరబడి సముద్రం మీదే ఉంటాడు. మొదట్లో తోడికోడళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ. ఒకే పొయ్యి, ఒకే కుళాయి, ఇక తగువులకేం తక్కువ? అన్న పోయినప్పుడు ఆ చిన్నదే రాత్రంతా ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తరవాత ఇద్దరి మధ్యా తగువు పెట్టడం ఎవరి వల్లా కాలేదు. చిన్నది ఆడపిల్లను కన్నాక ఇల్లు గడవక, కత్తమ్మే షెడ్డులో పని ఇప్పించింది. పిల్లను వీధి చివరి అవ్వ దగ్గర వదిలి, మధ్యాహ్నం పరుగున పోయి పాలిచ్చి, మళ్లీ పరుగున వచ్చేది.

ఆ రోజు పిల్లకు జ్వరం. పాలు పట్టలేదు, ఏడుపు ఆపలేదు. తోడికోడలికి ఆలస్యమైంది. మేస్త్రీ కంట పడకూడదని మంచుగది పక్క నడవలోంచి లోపలికి జారబోయింది. అతను అక్కడే ఉన్నాడు. మంచు డబ్బాల చాటున్న ఆ నడవ బల్లల దగ్గరివాళ్లకు కనపడదు. జుట్టు పట్టి ఆమె మొహాన్ని గోడకు కొట్టాడు. పడిపోతూ ఆమె మంచుగది తలుపు చట్రం పట్టుకుంది. ఆ ఎడమచేతి మీద తలుపు మూశాడు. జానెడు మందం ఇనుప తలుపు. మూసి, పిడి బిగించి పట్టుకుని, భుజం ఆనించి నిలబడ్డాడు.

"గడియారం చూడ్డం రాదుగా నీకు," అన్నాడు. "ఇక వేళ్ల మీద లెక్కపెట్టుకో."

ఆ కేక కత్తమ్మకు వినపడింది. కత్తి కింద పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. కత్తి ఉన్న చేత్తోనే పరుగెత్తింది. ఎడమచేత్తో అతని కాలరు పట్టి గుంజింది. అతను వెనక్కి తిరక్కుండానే మోచేత్తో ఆమె నోటి మీద పొడిచాడు. పెదవి చీలింది, కత్తి జారింది, మనిషి తడి నేల మీద పడింది. అప్పుడు ఆమె వైపు తిరిగాడు. ఒక చెయ్యి తలుపు పిడి మీద అలాగే ఉంచి, బూటుకాలితో ఆమె డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. మూడోసారి కాలు ఎత్తేసరికి మోకాళ్ల మీదున్న తోడికోడలి కుడిచేతికి కత్తి అందింది. ఆమె గురి చూడలేదు. ఊరికే చెయ్యి విసిరింది. ఆ పొద్దునే నూరిన కత్తి. మోచేతి కింద మొదలై మణికట్టు దాకా చేప పొట్ట చీల్చినట్టు చీల్చుకుపోయింది. నరాలు తెగిన చెయ్యి పిడిని వదిలేసింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. గోడ మీదికి చిమ్మిన నెత్తురు చూసి మేస్త్రీ కూలబడ్డాడు. ఎవరు కోశారో అతను చూడలేదు. అతను చూసింది కత్తితో పరుగెత్తుకొచ్చిన కత్తమ్మను.

తోడికోడలి చేతికి బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. తక్కిన మూడూ చితికి, గోళ్లూడి, చేప మొప్పల్లా ఎర్రగా విచ్చుకున్నాయి.

కత్తమ్మ రెండు పనులు చేసింది. నడుముకు కట్టుకున్న గుడ్డ చింపి మేస్త్రీ చెయ్యి పైభాగాన బిగించి కట్టింది. ఆ కట్టు లేకపోతే అతను ఆస్పత్రికి చేరేవాడు కాదని తరవాత డాక్టరే అన్నాడు. రెండోది, తోడికోడలి చేతిలోంచి కత్తి తీసుకుని, కుళాయి కింద కడిగి, తుడిచి, బల్ల మీద దాని చోట పెట్టింది. వాడిన కత్తిని మురికిగా ఉంచకూడదు. ఆ నియమాన్ని ఆమె తలుచుకోలేదు, చేతులు వాటంతటవే చేసేశాయి. తోడికోడలు ఏదో చెప్పబోతే, "మాట్లాడకు, చెయ్యి పైకెత్తి పట్టుకో" అంది.

పోలీసు అధికారి వచ్చాడు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, ఇంగ్లీషే గానీ ఇక్కడివాళ్ల మాట రాదు. నేల మీద నెత్తురు, బల్ల మీద తళతళలాడే కత్తి, పక్కన పెదవి చీలి నిలబడ్డ మనిషి. ఆమె వైపు వేలు చూపి అడిగాడు.

"వాట్ డిడ్ యూ డూ?"

కత్తమ్మకు వినపడింది తెల్ల టోపీల ప్రశ్న. చెవుల్లో హోరు, నోట్లో నెత్తురు. అయినా నేర్పినట్టే, వెన్ను నిటారుగా పెట్టి చెప్పింది.

"ఐ కట్, సర్."

అధికారి నమ్మలేనట్టు మళ్లీ అడిగాడు. సరిగ్గా వినపడలేదేమో పాపం అనుకుని, ఈసారి గట్టిగా చెప్పింది. గుమస్తా ఒక అడుగు ముందుకు వేశాడు. సర్దిచెప్పడానికి నోరు తెరిచి, పక్కనే నిలబడ్డ షెడ్డు యజమాని చూపు తగిలి మళ్లీ మూసుకున్నాడు. బేడీలు వేసిన పోలీసు మాత్రం ఆమె మణికట్టు మీద ఉప్పునీటి పగుళ్లు చూసి, వాటిని ఒక మెట్టు వదులుగా బిగించాడు.

జైల్లో ఆడవాళ్ల గది షెడ్డుకేమీ తీసిపోలేదు. బండ అని పిలిచే ఒక భారీ మనిషి గదిని ఏలేది. కొత్తగా వచ్చినవాళ్ల దుప్పటి ఆమెది, రొట్టెలో సగం ఆమెది, కాదంటే పిడిగుద్దులు. కత్తమ్మ దుప్పటి ఇవ్వడానికే చెయ్యి చాచింది. ఆలస్యంగా చాచిందని బండ ఆమె తల గోడకు మోదింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. మూలనున్న ఒక వృద్ధురాలు తన దుప్పటిలో సగం చింపి ఆమె మీద వేసింది. ఆమె టీచరమ్మ. జీవితమంతా బడిలో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పింది. అల్లుడు కూతురి గొంతు నులుముతుంటే ఇస్త్రీపెట్టెతో అతని నెత్తి పగలగొట్టి ఇక్కడికొచ్చింది. అల్లుడు బతికాడు.

"బతికాడు కాబట్టి హిట్," అనేది. "పోయుంటే కిల్డ్. నా శిక్షంతా ఆ తేడాలోనే ఉంది."

కత్తమ్మ తన సంగతి చెప్పింది. నేరం తన మీదే ఎందుకు పడిందో అప్పటికీ ఆమెకు పూర్తిగా తెలియదు. పేరూ పనీ అడిగారనే అనుకుంటోంది.

"వాళ్లు డూ అన్నారా, డిడ్ అన్నారా?" అంది టీచరమ్మ.

"ఏదో ఒక డూ అన్నారు."

టీచరమ్మ నుదురు కొట్టుకుంది. "నీ బతుకంతా ఆ ఒక్క ముక్కలో ఉందే, పిచ్చిదానా."

అప్పుడు విడమరిచి చెప్పింది. డూ అంటే రోజూ ఏం చేస్తావని. డిడ్ అంటే అప్పుడేం చేశావని, అయిపోయిన దాని గురించి. ఇంగ్లీషులో అయిపోయిన పనికి మాట వేషం మారుస్తుంది. వాష్ అంటే కడుగుతాను, వాష్డ్ అంటే కడిగాను. ప్యాక్, ప్యాక్డ్. నువ్వు కడిగే వరసలో ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేదానివి. కట్ మాత్రం మారదు. కోస్తాను అన్నా కట్టే, కోశాను అన్నా కట్టే. నువ్వు నీ పని చెప్పావు, వాళ్లు నీ నేరం రాసుకున్నారు.

"అదొక్కటే మారదా?" అంది కత్తమ్మ.

"హిట్ మారదు. హర్ట్ మారదు. షట్ మారదు. స్ప్లిట్, బరస్ట్, అవీ అంతే. బీట్ ఎప్పటికీ బీటే. ఇవ్వడం మారుతుంది, గివ్ అంటే గేవ్. తినిపించడం మారుతుంది, ఫీడ్ అంటే ఫెడ్. దెబ్బల మాటలకే నిన్నకీ ఇవాళకీ తేడా లేదు." ఆమె దుప్పటి ముక్క భుజాల మీదికి లాక్కుంది. "పుట్, లెట్ లాంటి సాధువులూ ఉన్నాయనుకో ఆ వీధిలో. దొంగల మధ్య ఇల్లు కట్టుకున్నట్టు."

"మరి చంపడం?"

"అది మారుతుంది. చంపితే పని అయిపోతుందిగా. కొట్టడం ఎక్కడ అయిపోతుంది?"

ఇక భయం లేదని, కోర్టులో "ఐ డిడ్ నాట్ కట్" అంటే చాలని టీచరమ్మ నేర్పబోయింది. డిడ్ వచ్చిందంటే ఇక అనుమానానికి చోటు ఉండదు. కత్తమ్మ గది నలువైపులా చూసింది. తరవాత ఆమె చెవి దగ్గరికి జరిగి, నడవలో జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. నేను కొయ్యలేదంటే, మరి ఎవరు కోశారని అడుగుతారు. చిన్నదాని పేరు తప్ప మరో పేరు లేదు. మేస్త్రీ తన పాపం కప్పుకోవడానికి, చిన్నది అసలు ఆ నడవలోనే లేదని రాయించాడట. తలుపు సంగతి బయటపడకూడదుగా. ఆ అబద్ధం నీడలోనే చిన్నది ఇప్పుడు దాక్కుని ఉంది. పిల్ల ఇంకా పాలు మానలేదు.

"అయితే నేనే కోశానని చెప్తావా?"

"అబద్ధం ఎలా ఆడతాను?" అంది కత్తమ్మ, ఆ ఊహకే భయపడినట్టు. ఆమె మనసులో ఏముందో టీచరమ్మకు అప్పుడర్థమైంది. తెలుగులో అడిగితే రెండే దారులు. కోశాను అంటే దేవుడి దగ్గర అబద్ధం, కొయ్యలేదు అంటే చిన్నదాని మెడకు ఉరి. ఇంగ్లీషులో మూడో దారి ఉంది. ఐ కట్. నేను కోస్తాను. నా పని అదే, ఎప్పుడూ అదే. వాళ్లు వేరేగా వింటే అది వాళ్ల చెవుల సంగతి.

"దేవుడికి ఇంగ్లీషు రాదనుకుంటున్నావా?" అంది టీచరమ్మ కోపంగా.

"వస్తే మరీ మంచిది. రెండు అర్థాలూ ఆయనకు తెలుస్తాయి."

ఆ చలికాలమంతా పాఠం నడిచింది. నీ సంగతి అలా ఉండనీ, మేస్త్రీ సంగతి చెప్పమంది టీచరమ్మ. కొడతాడు, అంది కత్తమ్మ. అంటే కొట్టాడా, కొడుతూ ఉంటాడా, రేపు కొడతాడా? అన్నీ, అంది. ఇదే మన జబ్బు అని టీచరమ్మ తిట్టింది. మన మాటలో రోజూ జరిగేదీ రేపు జరగబోయేదీ ఒకటే, అందుకే దెబ్బ ఎప్పటికీ పూర్తి కాదు. కోర్టుకు పూర్తయిన దెబ్బ కావాలి. ఫలానా రోజు, ఫలానా మనిషిని, ఫలానా దానితో. రోజు చెప్పకపోతే పాస్ట్ టెన్స్ విరిగిన కుర్చీలాంటిది, ఎవరూ దాని మీద కూర్చోరు.

కత్తమ్మ ఒక్కొక్క దెబ్బనూ తవ్వి తీసింది. పన్ను ఊడినది పెద్ద తుఫాను తరవాతి సోమవారం. చెవి పోయింది కొత్త బల్లలు దించిన రోజు. ఏడుస్తూ చెప్పింది, చెప్తూ నేర్చుకుంది. మొదట్లో "డిడ్ హిట్టెడ్" అనేది. డిడ్ వచ్చాక వెనక మాటను కదపకూడదు, ఒక తలుపుకు ఒక తాళం చాలని టీచరమ్మ చెప్పింది. "హి" పక్కన మాటకు తోక ఉంటే రోజూ కొడతాడని, తోక లేకపోతే అప్పుడు కొట్టాడని కూడా చెప్పింది. హి హిట్స్, హి హిట్. ఒక్క బుస తేడా, పాము ఉన్నదా వెళ్లిపోయిందా అన్నట్టు.

ఒక పొద్దున బండ రొట్టె దగ్గర తగువు పెట్టుకుని కత్తమ్మ చెంప మీద ఫెడేలున కొట్టింది. కత్తమ్మ కింద పడి లేచి, టీచరమ్మ వైపు తిరిగి, "షి హిట్ మి దిస్ మార్నింగ్," అంది.

"తప్పు లేదు," అంది టీచరమ్మ.

గది గొల్లుమంది. బండకు అర్థం కాక, అర్థమయ్యాక, తనూ నవ్వడం మొదలుపెట్టింది. నన్ను కూడా పాఠంలో పెట్టారే అని ముచ్చటపడింది. ఆ మధ్యాహ్నం కత్తమ్మ దుప్పటి మడిచి ఆమె చోట ఉంది. ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు.

తోడికోడలు చూడ్డానికి వచ్చింది. కమ్మీల అవతల నిలబడి, కట్టు కట్టిన చెయ్యి చూపించి, రేపే వెళ్లి నిజం చెప్పేస్తానంది. తిండి సయించడం లేదంది.

"తిండి సయించకపోతే పాలెలా పడతాయే?" అంది కత్తమ్మ. "నువ్విక్కడికొస్తే పిల్ల నీతో పాటు ఈ గదిలో పెరగాలి. లేదా నువ్వు లేకుండా బయట పెరగాలి. రెండిట్లో ఏది కావాలో చెప్పు, ఇప్పుడే జడ్జిగారికి కబురు పెడతాను."

 చిన్నది కమ్మీల్లోంచి ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది. వేళ మించిపోయినా జైలు కాపలామె గడియారం వైపు చూడలేదు.

విచారణ రోజు కోర్టులో దుభాషీని నిలబెట్టారు. ప్రభుత్వం పెట్టిన కుర్ర వకీలు, నువ్వేమీ మాట్లాడకుండా ఉంటే మేలని ముందే చెప్పాడు. కత్తమ్మ దుభాషీకి దణ్ణం పెట్టి, "ఐ స్పీక్, సర్," అంది జడ్జితో. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, కానివ్వమన్నాడు.

మేస్త్రీ కట్టు కట్టిన చేత్తో ముందు వరసలో కూర్చున్నాడు. ఆ చెయ్యి మళ్లీ గొట్టం పట్టుకోదని డాక్టరు చెప్పాడు. కత్తమ్మ మొదలుపెట్టింది. ఒక్క మాటా తప్పలేదు. తుఫాను తరవాతి సోమవారం అతను ఫలానా ఆమెను కొట్టాడు, పన్ను ఊడింది. కొత్త బల్లలు వచ్చిన రోజు ఇంకొకామెను కొట్టాడు, చెవి పోయింది. వెనక బెంచీల్లో ఉన్న షెడ్డు ఆడవాళ్లకు ఇంగ్లీషు రాదు. అయినా ఆమె వేలు ఎవరి వైపు తిరిగితే ఆమె లేచి నిలబడింది. ఒకామె నోరు తెరిచి సందు చూపించింది. ఒకామె పిలుపు వినపడక, పక్కామె తడితే లేచింది. ఆఖరున నడవ వచ్చింది. తలుపులో చెయ్యి ఇరుక్కున్న మనిషి కత్తి పట్టి ఉంటుందని ఎవరూ అనుకోరని కత్తమ్మ ధైర్యం.

"దట్ నూన్ హి షట్ ద డోర్ ఆన్ హర్ హ్యాండ్," అంది కత్తమ్మ. "హి స్ప్లిట్ మై లిప్. హి కిక్ట్ మి."

జడ్జి తోడికోడలి చెయ్యి చూపించమన్నాడు. మూడు వేళ్లూ వంకరగా అతుక్కున్నాయి. అది తలుపులో నలిగిన చెయ్యేనని డాక్టరు ఒప్పుకున్నాడు. ఆమె నడవలో లేనే లేదన్న మేస్త్రీ తల దించుకున్నాడు. అప్పుడు జడ్జి కత్తమ్మ వైపు తిరిగి, అనుమానానికి చోటు ఉండదని టీచరమ్మ చెప్పిన ఆ డిడ్‌తోనే అడిగాడు.

"డిడ్ యూ కట్ దిస్ మ్యాన్?"

కత్తమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి, బహుశా పొద్దున కత్తితో చెప్పే మాటే. కళ్లు తెరిచి, వెన్ను నిటారుగా పెట్టింది.

"ఐ కట్, సర్."

జడ్జి రాసుకోబోయి ఆగాడు. మేస్త్రీ చేసిన ప్రతి పనికీ రోజు చెప్పిన మనిషి, తన పనికి మాత్రం రోజు చెప్పలేదు. అది ఆయన చెవికి తగిలింది. "వెన్..." అని మొదలుపెట్టాడు. వెనక బెంచీలో తోడికోడలు లేచింది. భుజాన నిద్రపోతున్న పిల్ల, పిల్ల వీపు మీద ఆ వంకర వేళ్లు, తెరుచుకోబోతున్న నోరు. కత్తమ్మ అటు తిరగలేదు గానీ, చెక్క కటకటాలు పట్టుకున్న ఆమె చేతి కణుపులు తెల్లబడ్డాయి. జడ్జి వెనక బెంచీని చూశాడు, కత్తమ్మను చూశాడు. ఆయనకు ఏం అర్థమైందో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. కలానికి మూత పెట్టి, తోడికోడలితో మెల్లగా, "సిట్ డౌన్, అమ్మా," అన్నాడు. మిగతా ప్రశ్న ఆయన నోట్లోనే ఉండిపోయింది.

మేస్త్రీ మీద వేరే కేసు నడపమన్నాడు. గొట్టం పట్టినవాడూ, చూస్తూ ఊరుకున్న యజమానీ, ఇద్దరూ జవాబు చెప్పాలన్నాడు. కత్తమ్మ కట్టిన కట్టు వల్లే మనిషి బతికాడని, ఆమె దెబ్బలు తింటూ ఉన్న వేళ జరిగిందని, పడాల్సిన శిక్షలో చాలా భాగం కొట్టేశాడు. మిగిలింది ఒక వేసవి, ఒక చలికాలం.

కోర్టు వెనక వసారాలో జైలు బండి నిలబడి ఉంది. కాపలామె బండి తాళంచెవి కోసం సంచీ అంతా వెతకడం మొదలుపెట్టింది. తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతోంది. ఆ వెతుకులాట ఎంతసేపు సాగితే అంతసేపు మాట్లాడుకోవచ్చని ఇద్దరికీ తెలిసింది.

తోడికోడలు ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "ఎందుకు చేశావక్కా ఇలా?"

"చేశావు అనకే," అంది కత్తమ్మ, చిన్నగా నవ్వుతూ. చీలి అతుక్కున్న పెదవి నవ్వితే ఇంకా లాగుతుంది. "నేను చేసిందేం లేదు. కోస్తానని చెప్పాను, అంతేగా."

నిద్రలేచిన పిల్ల ఆమె బేడీల గొలుసు పట్టుకుని ఆడుకోబోయింది. కత్తమ్మ దాని వేళ్లను ఒక్కొక్కటే విడదీసి ముద్దు పెట్టుకుంది. షెడ్డుకు కొత్త మేస్త్రీ వచ్చాడట, గొట్టం లేదట, రేపటి నుంచి చిన్నదాన్ని పనికి రమ్మన్నాడట. చేప పట్టుకోవడానికి రెండు వేళ్లు సరిపోతాయా అని చిన్నది భయపడింది. చాలు, చెయ్యే పట్టు నేర్చుకుంటుంది అంది కత్తమ్మ. కాపలామెకు తాళంచెవి దొరికింది.

బండి మెట్టు మీద కాలు పెట్టి, కత్తమ్మ వెనక్కి తిరిగింది.

"నాకో పని చేసిపెడతావా? నా కత్తి ఇక తిరిగి రాదు, వాళ్ల బీరువాలోనే ఉంటుంది. రేపు నీ కత్తి నువ్వే నూరుకో. అటు పక్కామెదీ ఇటు పక్కామెదీ కూడా నూరు. అయ్యాక కళ్లకద్దుకుని, నేను రోజూ దానితో చెప్పే మాట ఉంది చూడు, అది నువ్వు చెప్పు. నేను వచ్చేదాకా రోజూ చెప్పు, నా బదులు."